గేటు దగ్గర మూడు రోజులు

వెబ్‌సైటంటే సంస్థ పెద్దాయన ఫొటో తగిలించే గోడ కాదని, వెబ్‌సైట్లు తయారుచేసే నకయీజా పంతం. ఏ సంస్థ పని ఒప్పుకున్నా ముందు వాళ్ల గేటు దగ్గర స్టూలేసుకు కూర్చుంటుంది. జింజా ఊరి నర్సింగ్ కాలేజీలోనూ అలాగే మూడు రోజులు కూర్చుని, కాపలాదారు వఫూలాను జనం అడిగినవన్నీ రాసుకుంది. హాస్టల్లో ఖాళీలున్నాయా, యూనిఫాం ఏ రంగు, దరఖాస్తుకు గడువెప్పుడు. వాటి జవాబులే కొత్త సైటులో మొదటి పేజీకెక్కాయి.

ప్రిన్సిపాల్ ముఖం చిన్నబోయింది. "పాత సైటులో సగం పేజీ నా ఫొటోయే కదమ్మా. అదేమైంది?"

"మీరెలా ఉంటారని ఒక్కరూ అడగలేదు సార్."

వఫూలా కాల్చిన మొక్కజొన్న పొత్తు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ప్రిన్సిపాల్‌కూ నవ్వొచ్చి, సరేనన్నాడు.

ఆ సైటు నమూనాను ఏ కాలేజీ అయినా ఉచితంగా తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. మూడు నెలల్లో మరో రెండు కాలేజీలు తీసుకున్నాయి. సైటు అడుగున తయారుచేసినవాళ్ల జాబితాలో మొదటి పేరు, ప్రశ్నలన్నీ అందించిన వఫూలాది. అది చూసిన ప్రిన్సిపాల్, నకయీజా మళ్లీ కాలేజీకి వచ్చిన రోజు ఫోను పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు.

"నా పేరూ వెయ్యమ్మా."

"మీరేం పని చేశారు సార్?" అన్నాడు వఫూలా.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఫొటో తీసేయనిచ్చాను కదయ్యా."

నకయీజా అక్కడికక్కడే వఫూలా పేరు కింద ఆయన పేరెక్కించి, పక్కన చేసిన పని రాసింది: ఫొటో తొలగింపు.