వైబ్రేటర్ పెట్టకూడని గోడ

2023 ఎండాకాలం. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేటకు దిగే వాలులో ఒక చిన్న క్యాన్సర్ ఆసుపత్రి కడుతున్నారు. రేడియేషన్ యంత్రం పెట్టే గదికి కాంక్రీట్ నాణ్యత చూసే పని నాది. ఆ గదిని బంకర్ అంటారు. కిరణాలు బయటికి రాకుండా గోడలు బారెడు మందం కడతారు.

మామూలు కంకర బదులు కడప ముగ్గురాయి వాడాం. చాలా బరువైన రాయి అది, కిరణాలను ఆపేది ఆ బరువే. అంత మందపు గోడలో సిమెంట్ ఎక్కువైతే లోపల వేడి పుట్టి పగుళ్లొస్తాయి. అందుకని సిమెంట్ చాలావరకు తగ్గించి స్లాగ్ పొడి కలిపాం. ఉక్కు కర్మాగారాల్లో ఇనుము తీశాక మిగిలే వ్యర్థం అది. చువ్వలు దట్టంగా ఉన్నందువల్ల తనంతట తానే పారి సర్దుకునే సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీట్ ఎంచుకున్నాం. మామూలు కాంక్రీట్‌ను వైబ్రేటర్ యంత్రంతో కుదిపి గాలి బుడగలు పోగొడతారు. దీన్ని అలా కుదిపితే రాళ్లు బరువుకు కిందికి దిగిపోతాయి. పైన ఉత్త ముద్ద మిగులుతుంది. స్లాగ్ కలిపింది నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి రాళ్లు దిగడానికి వ్యవధి కూడా ఎక్కువే.

మేస్త్రీ యాదయ్యది షేక్‌పేట. అంతకుముందు చాలా ఏళ్లు స్టూడియోల్లో సెట్లు వేశాడు. కోటలు, గుళ్లు, కోర్టులు, అన్నీ ప్లైవుడ్, ప్లాస్టర్. షూటింగ్ అయిపోగానే కూల్చడానికీ ఆయన్నే పిలిచేవారు.

"నేను కట్టింది ఒక్కటి నిలబడలే సార్. మనవడికి చూపిద్దామంటే సినిమా పెట్టాలె. గీ గోడ మాత్రం ఉంటది," అన్నాడు.

వైబ్రేటర్ ఎందుకు పెట్టకూడదో వివరంగా చెప్పాను. విని నవ్వాడు.

"మంచిగ చెప్తివి సార్. మేస్త్రీని పిలిచి చేతులు కట్టుకొమ్మంటివి."

పోత సాఫీగా సాగింది. చివర్లో మాత్రం నేను గోడ దగ్గర లేను, గేటు దగ్గర ఆఖరి లారీల కాంక్రీట్ పరీక్షిస్తున్నాను. కొన్ని వారాల తర్వాత గోడలో కింద, పైన కోర్లు తీయించాం. కోర్ అంటే గోడలోంచి గుండ్రంగా కోసి తీసే ముక్క. పై ముక్క చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. తేలిగ్గా ఉంది. కోసిన ముఖంలో రాళ్లు దాదాపు లేవు.

యాదయ్య దాచలేదు.

"పైన బుడగలు కనబడ్డయ్ సార్. పక్క స్లాబ్ కాడి వైబ్రేటర్ తెచ్చి జర పెట్టిన. ఉండే గోడ కదా, గట్ల ఇడిచిపెట్టనీకి చెయ్యి ఒప్పుకోలే."

ఆసుపత్రి డాక్టరుగారిది భీమవరం వైపు. "పోనీ లోపల సీసం పలకలు బిగిస్తే సరిపోదాండీ?" అని అడిగారు. అలా చేస్తే యంత్రం తిరగడానికి చోటు చాలదని రేడియేషన్ భద్రత చూసే నిపుణురాలు చెప్పింది. గోడకు అవతలి గదిలో రోజూ మనుషులు కూర్చుంటారు. పై భాగం కొట్టేయక తప్పదు.

ఆ పనికి కాంట్రాక్టరు వేరే మనుషుల్ని పిలిచాడు. యాదయ్య వాళ్లను పక్కకు జరగమని, కాంక్రీట్ పగలగొట్టే బ్రేకర్ తన చేతిలోకి తీసుకున్నాడు. కట్టినోడే కూల్చాలె, సెట్లల్ల గదే రివాజు అన్నాడు.

"ఇది సెట్ కాదు యాదయ్యా," అన్నాను.

"ఎర్కనే సార్. సెట్ అయితే ఇంత తిప్పలు పెడ్తదా?"

స్లాగ్ కలిపిన కాంక్రీట్ ఆలస్యంగానైనా బాగా బలపడుతుంది. అది పగలనంటుంటే సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. పగిలిన పెళ్లలు ఎత్తిపోసి ఆయన వెళ్లిపోయాడు. పై భాగం వేరే మేస్త్రీ పోశాడు.

ఇప్పుడు ఇలాంటి పోత ఉన్న రోజు వైబ్రేటర్లన్నీ సైటు బయటికి పంపించేస్తాను. మేస్త్రీల మీద అనుమానంతో కాదు. పని మీద ప్రేమ ఉన్న చేతిని మాటతో ఆపలేమని ఆ గోడ దగ్గరే నేర్చుకున్నాను.

బంకర్‌లో చికిత్స మొదలయ్యాక షేక్‌పేట వెళ్లి యాదయ్యను కలిశాను. కింది భాగం చెక్కుచెదరకుండా ఉందని, అది ఆయన కట్టిందేనని చెప్పాను. మనవణ్ని తీసుకొస్తే చూపిస్తానన్నాను.

ఆయన చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, "సగం గోడ ఏం చూపిస్త సార్," అన్నాడు.