రాజీ వేసిన వంకర చేప

మా చిన్నప్పుడు... మా క్వార్టర్‌కి సున్నం వేసే ముందు రోజే మాకు పండగ.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గోడ మీద గీత పడితే ఏడాదంతా తిట్లే. "గోడ మనది కాదే, రైల్వేది" అనేవాడు నాన్న. సున్నం వాళ్లు వస్తారని తెలిసిన సాయంత్రం మాత్రం తనే పిలిచి, "రేపెలాగూ పోద్ది. ఇయ్యాల గీసుకోండర్రా" అనేవాడు. ఇక చూడాలి... బొగ్గుముక్కలు, ఇటుకముక్కలు, అమ్మ తులసికోటకి పూయగా మిగిలిన జాజు...

నేను ప్రతిసారీ నెమలినే గీసేదాన్ని, దాన్ని చూడటానికి పక్క క్వార్టర్ల వాళ్లు కూడా వచ్చేవాళ్లు. మర్నాడు మధ్యాహ్నానికి గోడంతా తెల్లగా ఉండేది. నాకేమీ బాధ ఉండేది కాదు. గోడ మీద బొమ్మంటే అంతే కదా అనుకునేదాన్ని.

ఒక వేసవిలో నాన్న రైల్వే పాస్ మీద విశాఖపట్నం వెళ్లాం, పెదనాన్న ఇంటికి. పెదనాన్న కూతురు రాజీది నా వయసే. ఊరంతా తిరుగుతూ ఒక సందు మలుపు తిరిగేసరికి... గోడ నిండా సముద్రం! పడవలు, వలలు, మా గది కంటే పెద్ద తాబేలు. ఒకమ్మాయి స్టూలెక్కి ఇంకా రంగులు వేస్తూనే ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే దిగి వచ్చి, కుంచె నాకే అందించింది.

నేను నాన్న వెనక్కి వెళ్లిపోయాను.

"ఏటే గుంటా, ఇంటికాడ గోడలన్నీ పాడు చేస్తావు, ఇక్కడ సిగ్గేటి?" అన్నాడు నాన్న.

అంతలో రాజీ చటుక్కున కుంచె అందుకుంది. పలక మీద కూడా సరిగ్గా ఒక బొమ్మ గీయని రాజీ! అడుగున ఒక మూల చేప వేసింది... వంకర తోక, రెండు కళ్లూ ఒకే పక్క. అందరూ చప్పట్లు.

నాకు కడుపు రగిలిపోయింది. దారిలో నాన్న చొక్కా లాగి మెల్లగా అడిగాను.

"ఈళ్లు సున్నం ఎప్పుడేస్తారు నాన్నా?"

"ఏస్తార్లే, రేపో ఎల్లుండో."

ఆ మాటతో చల్లబడ్డాను. తిరుగు రైల్లో అదే తలుచుకుని హాయిగా నిద్రపోయాను.

పెళ్లయ్యాక, పోయినేడాది మా ఆయనతో మళ్లీ విశాఖపట్నం వెళ్లాను. అదే సందు. తాబేలు సగం పెచ్చులూడిపోయింది. పడవలు వెలిసిపోయాయి. అడుగున మూల... రాజీ చేప మాత్రం చెక్కుచెదరలేదు. రెండు కళ్లతో నన్నే చూస్తోంది.

"అచ్ఛా... ఏటలా నిలబడిపోనావు? నువ్వేసిందేటి?" అన్నారు మా ఆయన.

"కాదండీ. మా రాజీది."

ఫోన్ చేసి చెబితే, "చేపేటి? ఏ చేపే?" అంది రాజీ. దానికి గుర్తే లేదు! అప్పుడు ఇంకా మండింది.

ఇప్పుడు మా క్వార్టర్లకి సున్నం లేదు, అన్నీ నున్నటి రంగులే. ముందు రోజు "గీసుకోండర్రా" అని పిల్లల్ని పిలిచేవాళ్లూ లేరు. నా నెమళ్లన్నీ ఆ గోడల్లోనే, పొరల కింద ఎక్కడో ఉన్నాయి...

మీ చేతి బొమ్మ ఏ గోడ మీదైనా ఇంకా మిగిలి ఉందా? ఉంటే ఫొటో పెట్టండి... కుళ్లుకుంటాను గానీ, చూస్తాను.