కమారో కారులో మామా వంతు

మామా పోయారు. సోమవారం పొద్దున నేను టీ పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. "మామా, యల్లా, టీ" అన్నాను, లేవండి అని. రోజూ ఆ మాటకి కళ్లు తెరవకుండానే చెయ్యి చాచేవారు. ఆ రోజు చెయ్యి రాలేదు.

అక్కలూ, చెల్లెళ్లూ, ముందు నా రాతను మన్నించండి. నేను చదివింది ఐదో తరగతి. ఒత్తులు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను, అక్షరాలు కొండెక్కి దిగుతాయి. శుక్రవారం ప్రార్థన కూటంలో లేచి సాక్ష్యం చెప్పమని మీరు ఎన్నిసార్లు అడిగినా నేను తలొంచుకుని కూర్చున్నదాన్నే. మామా గురించి మాత్రం మీ అందరికీ చెప్పాలని ఉంది. నిలబడి చెప్పలేను కాబట్టి రాసి పంపుతున్నాను. గొంతు ఉన్న అక్క ఎవరైనా పైకి చదవండి.

మనం పనిచేసే ఇంటి యజమానురాలిని మనమందరం మామా అనే పిలుస్తాం. మా మామా ఈ కువైట్‌లో, రిగ్గైలో మేముండే ఇంటి పెద్దావిడ. మా ఆయన ఆ ఇంటి డ్రైవరు. పెళ్లయిన ఏడాదికి ఆ ఇంటి వీసా మీదే నేనూ కోనసీమ నుంచి వచ్చాను. వంట నాది. వెనక గది మా ఇద్దరిదీ.

వచ్చిన కొత్తలో నేను మూగదాన్నని మామా అనుకున్నారట. ఏమడిగినా తలూపేదాన్ని. ఒకరోజు నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "యా బింతీ, సిగ్గు నా అబాయా లాంటిది. బయటికి వెళ్లేటప్పుడు వేసుకో. వంటింట్లో విప్పెయ్" అన్నారు. బింతీ అంటే అమ్మాయీ అని, అబాయా అంటే బయటికి వెళ్లేటప్పుడు పైన వేసుకునే నల్ల అంగీ. నాకన్నా ముందు అక్కడ పనిచేసిన మన తెలుగావిడ దగ్గర ఆవిడ ఒక మాట నేర్చుకున్నారు. "ఊరుకోవే!" అని. మగా ఆడా తేడా లేదు, కొడుకులనీ అదే అనేవారు, టీవీలో వార్తలు చదివేవాడినీ అదే అనేవారు.

ఇంటి ముందు రేకుల కింద, గుడ్డ కప్పి ఒక కారు ఉండేది. అమెరికా కారు, పేరు కమారో. ముదురు ఆకుపచ్చ రంగు. రెండే తలుపులు, వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి దూరాలి. మామా భర్తని ఇంట్లో అందరూ బాబా అనేవారు. పెళ్లయిన కొత్తలో ఆయన మోజుపడి కొన్న బండి అది. నేను వచ్చేసరికే ఆయన లేరు. ఆయన పోయాక ఆ కారు కదల్లేదు.

మామాకి డ్రైవింగు రాదు. ఆవిడ చోటు ఎప్పుడూ ఆయన పక్క సీటే. ఆ సీటులో కూర్చునే పెద్దబ్బాయిని కనడానికి ఆసుపత్రికి వెళ్లారు. ఆ సీటులోనే వఫ్రాలో వాళ్ల తోట నుంచి ఒడినిండా దోసకాయలు పెట్టుకుని వచ్చేవారు. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు బాగున్న కారల్లా పట్టుకుపోతున్నారని బాబా చక్రాలు ఊడదీసి దాచారు. సీట్లు పీకేసి, పైన ఉల్లిపాయల గోనెలు పడేశారు. చూసినవాడికి అది చచ్చిన బండి. పీకిన పక్క సీటు వంటింట్లో నేల మీద వేసుకుని, ఆ నెలలన్నీ మామా దాని మీదే కూర్చుని వండారు. చిరిగినచోట గుడారం కుట్టే నీలం దారంతో కుట్టుకున్నారు. ఇవన్నీ నాతో చిక్కుడుకాయలు వలుస్తూ చెప్పేవారు. మగవాళ్లకి చెప్పినట్టు లేదు. వాళ్లు అడిగినట్టూ లేదు.

అలా ఉండగా ఒక ఏడాది ఒక కబురు వచ్చింది. అమెరికాలో తయారుచేయడం ఆపేసిన ఆ కారుని మళ్లీ కొత్తగా తెస్తున్నారని. మామా చిన్నబ్బాయి కంప్యూటర్లో బొమ్మ కూడా వచ్చింది. ఇక చూడండి. దివానియా, అంటే మగవాళ్లు సాయంత్రాలు చేరి కబుర్లు చెప్పుకునే ముందు గది, అందులో వేరే మాట లేదు. మా ఆయన టీ గ్లాసులు పట్టుకెళ్లి నవ్వుకుంటూ వచ్చేవారు.

"ఏవండీ, ఎందుకలా అరుచుకుంటున్నారు?"

"కారు గురించేనే. ఆ పాత బండిని అమెరికావోళ్లు మళ్లీ పుట్టిత్తన్నారంట. ఒకాయనేమో బొమ్మని కళ్లకద్దుకుంటన్నాడు. మన చిన్నబ్బాయేమో దానికి ఆ పేరెట్టడానికి ఈల్లేదంటన్నాడు. ఆళ్లింట్లో పిల్లోడికి పేరెడతన్నట్టు కొట్టేసుకుంటన్నారు!"

వంటింటి కిటికీలోంచి ఆ గది మాటలు వినిపించేవి. మామా కుర్చీ కిటికీ దగ్గరకి జరిపించుకుని, నాకు అర్థంకానివి విప్పి చెబుతూ వినేవారు.

కళ్లకద్దుకున్నాయన చిన్నబ్బాయి స్నేహితుడు, బ్యాంకులో పని. "ముఖం చూడు, అదే ముఖం. ఆ నడుము చూడు. ముప్ఫై ఏళ్లుగా దీనికోసమేగా ఏడ్చాం!" అనేవాడు.

"ముఖం ఒకటే అయితే సరిపోయిందా? లోపలంతా కంప్యూటరు. బండి నడిపేది నువ్వా, అదా?" అని చిన్నబ్బాయి.

"మీ ఇంట్లో ఉన్నదాన్ని ఎవరూ నడపడం లేదు కదా, ముందు దాని సంగతి చూడు!"

గదంతా నవ్వులు. మామా కూడా నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. వేరే ఇంట్లో ఉండే పెద్దబ్బాయి ఒక మధ్యాహ్నం వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. కొత్తది వస్తోందన్న కబురుతో పాతవాటికి గిరాకీ పెరిగిందనీ, దుబాయి నుంచి ఒకాయన అడుగుతున్నాడనీ, తుప్పు తినేసేలోపు ఇచ్చేద్దామనీ మెల్లగా చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. అమ్మ రోజూ కిటికీలోంచి ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చోవడం ఆయనకి నచ్చేది కాదు.

వాళ్ల పద్ధతిలో భర్త పోతే ఆస్తిలో ఎనిమిదో వంతు భార్యది, మిగతాది పిల్లలది. అందరూ ఒప్పుకుంటేగాని అమ్మకం లేదు.

"ఆ కారులో ఎనిమిదో వంతు నాదేనా?" అని మామా అడిగారు.

"నీదే అమ్మా. ఆ డబ్బు తెచ్చి నీ చేతిలోనే పెడతాను."

"డబ్బు కాదు. కారులో వంతు. నా ఎనిమిదో వంతు ఆ పక్క సీటు. మిగతాది మీరు కోసుకుని అమ్ముకోండి. ఖలాస్."

"ఒక్క సీటుని ఎలా వదిలేసి..."

"ఊరుకోవే!"

అంత గడ్డం ఉన్న పెద్దమనిషి నోరు మూసేశారు. నేను టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి పారిపోయి నవ్వుకున్నాను. కాసేపటికి ఆయనే ఒక మాట అన్నారు: "సరే. వేసవి వచ్చేలోపు బండి తిరగాలి. తిరగకపోతే అమ్మేద్దాం, అప్పుడు నువ్వు కాదనకూడదు." మామా కొడుకు చేతిలో చెయ్యి వేశారు. ఆవిడ చెయ్యి వేస్తే అది మాటే.

ఇక చిన్నబ్బాయి, బ్యాంకాయన, మా ఆయన సాయంత్రాలు ఆ రేకుల కిందే ఉండేవారు. పాతది గొప్పా కొత్తది గొప్పా అని తగాదా ఆడుతూనే ఇంజను విప్పారు, తుడిచారు, బిగించారు. సామాను అమెరికా నుంచి పెట్టెల్లో వచ్చేది. బ్యాంకాయన పట్టు ఒకటే, బండి అచ్చం అప్పటిలాగే ఉండాలని. ఒక్క మేకు తేడా రాకూడదట. మామాని సంతోషపెట్టాలని సీట్లు కూడా తెప్పించారు, అచ్చం అప్పటి నమూనాలో కొత్తగా చేసినవి.

ఆ సాయంత్రం నేను చెత్త పడేయడానికి వెళితే, డబ్బా పక్కన పక్క సీటు బోర్లా పడి ఉంది. నీలం దారం కుట్టు కనిపించింది. అయ్యా, ఇది మామాది అని చెబుదామని రేకుల దాకా వెళ్లాను. ముగ్గురూ ఇంజను మీదికి వంగి ఉన్నారు. వెనక్కి వచ్చి, ఆ సీటుని ఈడ్చుకుంటూ మా గదిలోకి తెచ్చుకున్నాను.

"చెత్తంతా గదిలోకి తెత్తావేంటే?" అన్నారు మా ఆయన.

"ఉండనివ్వండి."

"ఉండనీలే. కాళ్లు పెట్టుకోడానికి బానే ఉంది."

నేను ఆ కాళ్లు తీయించాను. అంతకుమించి ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

వేసవి ముఖాన ఒకరోజు ఇంజను తిరిగింది. చప్పుడు నేలలోంచి వచ్చినట్టుంది, నా గిన్నెల మీద మూతలు కదిలాయి. కబురు పెడితే పెద్దబ్బాయి వచ్చారు. మామా నా భుజం పట్టుకుని మెట్లు దిగారు. ఆకుపచ్చ రంగు తళతళలాడుతోంది. బ్యాంకాయన పెళ్లికొడుకులా తలుపు తీసి నిలబడ్డాడు.

మామా లోపలికి చూశారు. కూర్చోలేదు.

"నా వంతు ఏది?"

"ఇదే కదమ్మా, సరిగ్గా అప్పటి సీటు లాంటిదే! అదే కుట్టు, అదే నలుపు" అన్నాడు బ్యాంకాయన.

"లాంటిది నాకెందుకు? నాదేది?"

చిన్నబ్బాయి తల దించుకుని, అది చిరిగిపోయింది కదా అని పారేశామన్నాడు. బండిలో పాతది ఒక్క మేకు పోకూడదని తగాదాలాడిన మనుషులు, బాబా పక్కన మామా కూర్చున్న సీటుని చెత్తలో వేసి, దాని నమూనా కొనుక్కొచ్చారు. మామా అరవలేదు. అరిస్తే బాగుండేది. పెద్దబ్బాయి వైపు తిరిగి, "నువ్వు చెప్పిందే నిజం. దుబాయి ఆయన్ని రమ్మను. ఇందులో నాదేమీ లేదు" అన్నారు.

ఇంజను గుడగుడమంటోంది. అప్పుడు వినిపించింది ఒక ఆడగొంతు. "మామా, సీటు ఉంది. మా గదిలో ఉంది. నేను తీసి పెట్టాను." ఆ గొంతు నాదే. ఇంజను చప్పుడు మీద నుంచి అంత మంది మగవాళ్ల మధ్య గట్టిగానే వచ్చింది, వచ్చీరాని అరబ్బీలో.

అందరూ నా వైపు తిరిగారు. నేను తల దించలేదు. ఎందుకో ఆ రోజు దించాలనిపించలేదు. మామా నా భుజం మీద వేసిన చెయ్యి గట్టిగా నొక్కారు, అంతే.

పెద్దబ్బాయే మా గదికి వెళ్లి, ఒంటి మీది పొడుగాటి తెల్ల చొక్కా, దిష్దాషా, మాసిపోతుందని కూడా చూడకుండా ఆ సీటుని ఎత్తుకొచ్చారు. అప్పటికప్పుడు కొత్తది విప్పి పాతది బిగించారు. ఒక సీటు తళతళ, ఒక సీటు నీలం కుట్లు. "ఇలా ఉంటే బండి చూసినవాళ్లు నవ్వుతారమ్మా" అని బ్యాంకాయన గొణిగాడు. "నవ్వించడానికి కూడా ఒకరుండాలిగా ఇంట్లో" అని మామా ఎక్కి కూర్చున్నారు. చిన్నబ్బాయి నడుపుతుంటే వఫ్రా తోటదాకా వెళ్లాం. నేను వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని ఉన్నాను. ఏసీ వద్దని అద్దం దించేశారు ఆవిడ. ఇసుక లోపలికి కొడుతుంటే నోరు తెరిచి ఏదో పాడుకుంటున్నారు.

తర్వాత కొత్త కమారో నిజంగానే షోరూముకి వచ్చింది. బ్యాంకాయన కొనేశాడు. మామాకి చూపించడానికి ఇంటికి తెచ్చాడు. ఆవిడ చుట్టూ తిరిగి, మీద చెయ్యి వేసి, లోపల కూర్చుని లేచారు. ఇక తీర్పు చెప్పమని అందరూ నిలబడ్డారు.

"మంచి కారు. చక్కగా ఉంది. మనవడికి తాత పేరు పెడతాం, పెట్టాలి కూడా. కానీ మనవడిని తెచ్చి నా పక్కన నిలబెట్టి, ఇడుగో మీ ఆయన తిరిగొచ్చాడు అంటే ఊరుకుంటానా?"

దివానియాలో ఆ తగాదా అక్కడితో ఆగలేదు. మగవాళ్ల తగాదాలు ఆగుతాయా? కానీ నాకు మాత్రం అక్కడితో తేలిపోయింది.

ఆవిడ దగ్గర నేను వంటకాలు నేర్చుకున్నాను, మచ్‌బూస్ అనే వాళ్ల మాంసం పులావులో ఎండు నిమ్మకాయ ఎప్పుడు వెయ్యాలో నేర్చుకున్నాను. నాది నాదే అని గట్టిగా చెప్పడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు దుకాణంలో మిగిలిన చిల్లర తక్కువిస్తే అడుగుతున్నాను. మా ఆయన ఆశ్చర్యపోతున్నారు.

పోయిన రోజే ఆవిడని మట్టి చేశారు. వాళ్లలో ఆడవాళ్లు సమాధుల దగ్గరికి వెళ్లరు, నేను ఇంటి గేటు దాకా వెళ్లాను. మూడు రోజులూ పలకరింపులకి వచ్చినవాళ్లకి కాఫీ పోశాను. ఎవరో బంధువు కారు ఏం చేస్తారని అడిగితే పెద్దబ్బాయి, "అందులో మా అమ్మ వంతు ఉంది" అన్నారట. మా ఆయన విని వచ్చి చెప్పారు.

నాలుగో రోజు సాయంత్రం పెద్దబ్బాయి మా ఆయన దగ్గర తాళాలు అడిగి తీసుకున్నారు. నేను కిటికీ దగ్గర బియ్యం కడుగుతున్నాను. ఆయన డ్రైవరు వైపు వెళ్లలేదు. రెండో తలుపు తీసి, ఆ పక్క సీటులో, మోకాళ్లు ముందుకి తగులుతుంటే ముడుచుకుని కూర్చున్నారు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కాసేపటికి చిన్నబ్బాయి వచ్చాడు. అన్నని చూసి తాళాలు తీసుకుని, డ్రైవరు వైపు ఎక్కి బండి తీశాడు. గేటు దాటి వీధి మలుపు తిరిగేదాకా, దించిన అద్దంలోంచి పెద్దబ్బాయి తెల్ల చొక్కా చెయ్యి బయటికి గాలికి ఎగురుతూ కనిపించింది.

ఆయన అలా ఏడవడం ఆ ఇంట్లో తమ్ముడూ, నేనూ తప్ప ఎవరూ చూడలేదు. నేను చూసిన సంగతి ఆయనకి తెలియకూడదు. కూటంలో చదివాక ఈ కాగితం కాల్చేయండి.