కప్పు తట్టే కాక

బొగ్గు గనిలో మా జట్టు పెద్దను 'కాక' అని పిలిచేవాళ్లం. క్యాంటీన్‌లో కూర్చోబోయినా సరే, ముందు కర్రతో పైకప్పు తట్టి చెవి రిక్కించేవాడు. డొల్లగా మోగితే కప్పు కూలబోతున్నట్టేనని గనిలో అబ్బిన అలవాటు.

ఓ రోజు అక్కడి టీవీలో క్రికెట్ టెస్టు ఆఖరి రోజు ఆట. మనవాళ్లకు మూడు వందల ఆధిక్యం.

"గెలిచినట్టే గద కాక?" అన్నాను.

"పరుగులుంటె గెలువరు బిడ్డా, పదిమందిని ఔట్ జెయ్యాలె. ఆఖరి జోడీ పొద్దుగూకేదాక నిలవడితె డ్రానే. నేను గుడ ముప్పై ఏండ్లసంది ఈ గనితోని డ్రా కోసమే ఆడుతున్న."

మర్నాడు షిఫ్టు ముగియడానికి పది నిమిషాలుందనగా కాక గని కప్పు తట్టాడు. రోజూ ఖంగుమనే రాయి డొల్లగా పలికింది.

"మీరు జల్ది నడువుండ్రి. లోపల ఇంక ఇద్దరున్నరు, పిల్సుకొస్త."

కప్పు తట్టుకుంటూ లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఆ ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనక కప్పు కూలిన మోతలో కర్ర చప్పుడు ఆగిపోయింది.