కొండ దారి తెరిపించిన టీచరమ్మ

మా గేమ్స్ టీచరమ్మ పోయారన్న కబురు నాకు నరసరావుపేట బస్టాండులో అందింది. ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ ఇక లేదు. పొద్దున లేపితే లేవలా" అంది. నేను ఎక్కాల్సిన బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. చెయ్యెత్తి ఆపాలని కూడా తోచలేదు.

మాచర్లలో మా ఆడపిల్లల బడికి గ్రౌండు ఉండేది కాదు. ఉన్న కాస్త ఖాళీ జాగాలో కొత్త గదులు కట్టేశారు. ఆడించడానికి చోటు లేని గేమ్స్ టీచరమ్మ ఏం చేస్తుంది? ఆదివారం పొద్దున్నే మమ్మల్ని ఊరవతల ఉన్న సర్కారు కొండకు నడిపించుకెళ్లేవారు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, కాళ్లకు మగవాళ్ల కాన్వాసు బూట్లు వేసుకుని, చంకలో ఖాళీ యూరియా సంచితో ముందు నడిచేవారు. ఎండెక్కుతోందని ఎవరైనా గునిస్తే, "రెంటచింతలలో పుట్టినదాన్ని, నాకు ఎండ సంగతి చెప్పబాకండే" అనేవారు.

సగం దూరంలో ఒక సన్నటి వాగు అడ్డం వచ్చేది. అక్కడ అందరినీ కూర్చోబెట్టి, "కాసేపు నోళ్లు మూసుకోండి. పిట్టల్ని మాట్లాడనియ్యండి" అనేవారు. ఇంట్లో నలుగురు అన్నదమ్ముల మధ్య పెరిగిన నాకు, ఎవరూ పని చెప్పని ఆ పది నిమిషాలు ఎంత విలువైనవో అప్పుడు తెలియలేదు.

దిగేటప్పుడు దారిలో కనిపించిన చెత్తంతా సంచిలో వేయించేవారు. ఒకసారి నేను కూల్‌డ్రింకు సీసా పొద వెనక వదిలేసి వచ్చాను. సగం దిగాక వెనక్కి పంపారు. "నిండు సీసా మోసుకుని ఎక్కావే, ఖాళీది దించేతలికి బరువైందా?" అన్నారు. ఏడుస్తూ వెళ్లి తెచ్చాను.

ఆమె రిటైరైన కొన్నేళ్లకు, ఒక వేసవిలో, తాగడానికి పైకెళ్లినవాళ్ల వల్ల కొండ అంటుకుంది. సగం కొండ నల్లబడిపోయింది. అధికారులు అడుగున ఇనుప గేటు పెట్టి, కంచె వేసి, కాపలా మనిషిని కూర్చోబెట్టారు. నడకకు వచ్చేవాళ్లను కూడా రానివ్వలేదు.

టీచరమ్మ ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని ఆ అధికారుల ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టారు. ఒకసారి తోడుగా నేనూ వెళ్లాను. ఆఫీసరు మర్యాదగానే, "ఈ వయసులో మీకు కొండలెందుకండీ?" అన్నాడు.

"నాకోసం కాదు బాబూ. మా ఊళ్లో మగపిల్లలకి టీకొట్లున్నయ్, నాలుగు రోడ్ల సెంటర్లున్నయ్. ఆడపిల్ల కాసేపు హాయిగా నడవటానికి ఏడుంది చోటు?"

"మళ్లీ తగలబడితే ఎవరిది పూచీ?"

"మూయటం తేలికే బాబూ, చూసుకోవటమే కష్టం. ఆ కష్టం మేం పడతాం, రాయించుకో."

ఆయన కొంచెం మెత్తబడ్డాడు. వచ్చే సోమవారం పదిమందిని తీసుకొస్తే, దారి బాధ్యత ఎలా పంచుకుంటారో కూర్చుని మాట్లాడదామన్నాడు. టీచరమ్మ మా పాత బ్యాచిలో అందరికీ ఫోన్లు చేశారు. నేను తప్పకుండా వస్తానన్నాను. ఆ సోమవారం పొద్దున ఇంటికి చుట్టాలు వచ్చారు. ఫోన్ మోగుతుంటే చూస్తూ ఊరుకున్నాను. మిగతావాళ్లకూ ఏవో పనులు పడ్డాయట. ఆమె వెంట ఇద్దరే వెళ్లారు. "మీ ఊరివాళ్లకే అక్కర్లేదు కదమ్మా" అని ఆఫీసరు కాగితం పక్కన పెట్టేశాడు. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయింది. మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది.

ఆ సంగతి ఆమె నన్ను ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే నాలుగు మాటలు పడి బయటపడేదాన్ని.

మరో రెండు వేసవులు గడిచాక గేటు తీశారు. ఆదివారం మాత్రమే, ఆరు నుంచి తొమ్మిది దాకా. సంచులు పట్టుకుని పైకెళ్లి, దారి శుభ్రం చేసి దిగాలి. ఆమె అడిగింది రోజూ నడిచే హక్కు. దొరికింది వారానికి మూడు గంటలు. "ఇదన్నా నిలబెట్టుకుందాం" అన్నారు, గొంతులో సంతోషం లేకుండా. మొదట్లో పాతికమంది వచ్చారు. ఎవరో పగలగొట్టి పారేసిన సీసా పెంకు ఒక పిల్ల పాదంలో దిగాక తల్లిదండ్రులు పంపడం మానేశారు. చివరి ఏడాదంతా టీచరమ్మ దాదాపు ఒంటరిగానే ఎక్కారు. నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లే.

రెంటచింతలలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆమెను మట్టిలో పెట్టారు. పాత విద్యార్థులం చాలామందిమే వచ్చాం. ఆ రోజు ఆఫీసుకు ఇంతమందిమి వెళ్లి ఉంటే సరిపోయేది. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

తరువాతి ఆదివారం కొండకు వెళ్లాను. నేను చేరేసరికి పది దాటింది. గేటు ఇంకా తెరిచే ఉంది. కాపలా మనిషి స్టూలు మీద కూర్చుని ఊరి దారి వైపు చూస్తున్నాడు.

"ఎవరన్నా వచ్చారా?" అని అడిగాను.

"ఎవురూ రాలేదమ్మా. టీచరమ్మ లేకపోయినా ఆరింటికే తీసి కూసున్నా."

"తొమ్మిదికి వెయ్యాలిగా తాళం?"

"వెయ్యాలి. ఇంకాసేపు చూద్దామని" అన్నాడు.

తాళం అతని ఒళ్లోనే ఉంది. ఎండ నడినెత్తికి వస్తున్నా అతను లేవలేదు.