బావ వేసిన కేబుల్

ఏ బండి మొరాయించినా ఆయన నోట ముందుగా వచ్చే మాట ఒకటే: "బ్యాటరీ." హారన్ బొంగురుపోయినా బ్యాటరీయే, లైటు మసకబారినా బ్యాటరీయే. అందుకే వీధి వీధంతా ఆయన్ని బ్యాటరీ మామయ్య అంటుంది. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా మామయ్యా అనే పిలుస్తారు. ఆయనకు కోపం రాదు. నిజం చెప్పాలంటే పదింట ఏడుసార్లు ఆయన మాటే నిజమవుతుంది. మిగతా మూడుసార్ల సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఉన్నట్టుండి చెవుడు వస్తుంది.

ఆ మూడింటి లెక్కలోకే చేరింది వాళ్ళక్క పికప్పు.

అక్కది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని. ఇంటి వెనక రెండు పెద్ద వాషింగ్ మెషిన్లు, ముందుగదిలో ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన చిరుగులు కుట్టుకునే మిషను. ఉతికి మడతపెట్టిన మూటల్ని పికప్పులో వేసుకుని రోజూ తనే నడుపుకుంటూ వెళ్తుంది. అరవై రెండేళ్ళ మనిషి, స్టీరింగు ముందు కూర్చుందంటే నలభై ఏళ్ళే కనిపిస్తాయి. ఆ బండి ఆర్నెల్లుగా సతాయిస్తోంది. తాళం తిప్పితే టిక్కుమంటుంది, ఊరుకుంటుంది. పోయిన వారం నడిరోడ్డు మీద ఆగిపోతే, వెనకవాళ్ళ హారన్ల మధ్య అక్క ఒక్కతే తోసుకుంటూ పక్కకు తెచ్చింది. ఆ సంగతి తెలిసి కూతురు బావురుమంది. తరవాత కళ్ళు తుడుచుకుని, పాతబండ్లు కొనే ఆయనకు ఫోన్ చేసింది.

"నాన్న బండని ఇన్నాళ్ళూ ఊరుకున్నానమ్మా. అది ఉన్నంతకాలం నువ్వు ఇంటిపట్టున ఉండవు. మూటలకు వేరే మనిషిని పెడదాం. రేపు పన్నెండింటికి వచ్చి తీసుకెళ్తారు," అని చెప్పేసింది.

అక్క తమ్ముడికి కబురు పెట్టింది, అంతే. బండి పోతే అక్క కాళ్ళు విరిచేసినట్టేనని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మర్నాడు తొమ్మిదింటికల్లా సామాను సంచీతో దిగి, బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి చెప్పాడు.

"బ్యాటరీ."

"ఆర్నెల్లలో మూడు మార్చావు కదరా! ఇంకా దాన్నే ఆడిపోసుకుంటావేం? కేబుల్ చూడు."

"బావ వేసిన కేబులా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందక్కా నీకు?"

బావంటే అక్క భర్త. పోయి ఆరేళ్ళయింది. స్క్రూడ్రైవర్ ఏ వైపు పట్టుకోవాలో తెలియని పద్దెనిమిదేళ్ళ బావమరిదిని చేరదీసి, బండి కరెంటు పనంతా నేర్పింది ఆయనే. దూరాన బస్సు డిపోలో ఉద్యోగం వేయించిందీ ఆయనే. బావ పోయాక తమ్ముడు ఆ ఉద్యోగం వదిలేసి వచ్చి, బావ షాపు తలుపులు మళ్ళీ తెరిచాడు. ఈ పికప్పులో తమ్ముడి చెయ్యి పడని భాగం లేదు, ఆ రెండు కేబుళ్ళు తప్ప. వాటి చివర్లలో, బ్యాటరీకి బిగించే క్లాంపు కిందుగా, తెల్లదారం బిగువుగా చుట్టి, పైన వార్నిష్ పూసి ఉంటుంది. ముడి ఎక్కడుందో కనిపించదు. టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్ళూ వంటసోడాతో కడిగి, బ్రష్షుతో తళతళలాడేలా రుద్ది, గ్రీజు రాసేవాడు గానీ ఆ దారాన్ని కదిపిన పాపాన పోలేదు. పైగా తోటి మెకానిక్కులను పిలిచి మరీ చూపించేవాడు. "పనంటే ఇదీ," అని.

అక్క పోరు పడలేక మీటరు తీశాడు. ఒక మొన బ్యాటరీ నెగిటివ్ మీద, రెండోది ఇంజిన్ మీద ఆనించి, "తిప్పు," అన్నాడు. అక్క తాళం తిప్పింది. టిక్. కేబుల్ బాగుంటే ముల్లు కదిలీ కదలనట్టు ఉండాలి. మూడు వోల్టుల మీదికి పోయింది.

"మీటర్లో బ్యాటరీ పోయింది," అన్నాడాయన.

అక్క ఇంట్లోకి వెళ్ళి గోడగడియారంలోని బ్యాటరీ ఊడదీసి తెచ్చి చేతిలో పెట్టింది. మార్చి చూశాడు. మళ్ళీ మూడే. చేత్తో పట్టుకుంటే కేబుల్ వేడికి చురుక్కుమంది. ఆయన అక్కడే పెట్రోలు డబ్బా మీద కూలబడ్డాడు.

"నా చేత్తో దీన్ని కొయ్యలేనక్కా. బావ చేతిపని ఇంకెక్కడా మిగల్లేదు. షాపులో ఉన్నవన్నీ అరిగిపోయాయి. ఇదొక్కటే ఉంది."

అక్క కాసేపు తమ్ముడి నెరిసిన తలకేసి చూసింది. గడియారం ఆగిపోయింది గానీ టైము ఆగలేదు. పదిన్నర దాటింది.

"అది మీ బావ వేసింది కాదురా," అంది. "నేను వేశాను."

ఆయన డబ్బా మీద నుంచి లేచాడు.

"చివరి అయిదేళ్ళూ ఆయనకు చూపు ఆనలేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నువ్వు డిపోలో ఉన్నావు. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్తుంటే నేను చేసేదాన్ని. ఆ దారం దుప్పట్లు కుట్టే దారం. చూస్తే తెలియట్లేదూ?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఆయన పోయిన వారానికి నువ్వు ఆ కేబుల్ పట్టుకుని ఏడ్చావు. ఏమని చెప్పమంటావు?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఎంతమందిని పిలిచి చూపించాడు! బావ మీద కోపం వచ్చింది, అక్క మీద వచ్చింది, తన మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ మూడు కోపాలూ కలిసి ఎందుకో నవ్వయ్యాయి. కత్తి తీసి అక్క చేతికిచ్చాడు. అక్క దారం పక్కగా గాటు పెట్టి నల్లటి తొడుగు చీల్చింది. లోపలి రాగి తీగలు ఆకుపచ్చ పిండిలా రాలాయి.

"అందంగా ఉంటుందని చుట్టాను. అదే తడి పట్టి ఉంచింది," అంది అక్క, తప్పు చేసిన పిల్లలా.

"అయితే కొత్తది కూడా నువ్వే వెయ్యి. నేను అందిస్తాను."

ముందు నెగిటివ్, ఆ తరవాత పాజిటివ్ విప్పారు. పాత కొలతకే కొత్త కేబుళ్ళు కోశారు. చివర బోల్టుకు తగిలించే రాగి లగ్గు తొడిగి, నొక్కే పట్టకారు ఒక పిడిని నేలకు ఆనించి, రెండో పిడి మీద మోకాలు మోపి అక్క బరువంతా వేసింది. ఎవరూ చూపించకుండా ఆ కిటుకు రాదు. అక్కడ మాత్రం బావ కనిపించాడు ఆయనకు. ఈసారి దారం లేదు. రబ్బరు స్లీవు తొడిగి వేడి ఇస్త్రీపెట్టె అంచున తిప్పితే అదే ముడుచుకుని బిగిసింది. ఇంజిన్ మీద బోల్టు కూర్చునే చోటు ఇనుము మెరిసేదాకా ఆయన గీకాడు. ముందు పాజిటివ్, చివర నెగిటివ్ బిగించారు.

తాళం తిప్పగానే బండి గర్జించింది.

సరిగ్గా అప్పుడే కూతురు వచ్చింది, వెనకాల బండి కొనే ఆయన. ఆమె ముఖంలో సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది.

"ఇవాళ స్టార్టయింది సరే. రేపు మళ్ళీ దారిలో ఆగితే అమ్మ ఏం చేస్తుంది మామయ్యా?"

"ఆగదు."

"ఇదివరకు మూడుసార్లూ అదే అన్నావు."

"అప్పుడు చేసింది నేను," అన్నాడాయన. "ఇప్పుడు చేసింది మీ అమ్మ. చివరి అయిదేళ్ళూ మీ నాన్న పేరు మీద నడిచిన పనులు చేసిందీ మీ అమ్మే."

కూతురు తల్లి చేతులకేసి చూసింది. మోచేతులదాకా మసి, బొటనవేలి మీద తాజా గాటు. అక్క ఆ చేతుల్ని చీర కొంగులో దాచుకోబోయి, మళ్ళీ ఎందుకో మానుకుంది.

కూతురు వెనక్కి తిరిగింది.

"ఏమీ అనుకోకండి, మిమ్మల్ని ఊరికే తిప్పాను. ఇది మా అమ్మ బండి. అమ్మం," అని చెప్పింది బండి కొనే ఆయనతో.