మా వదిన ఒళ్లు, మా అన్నయ్య ఓట్సు

మొన్న కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు దిగేసరికి ఎదురుగా కొత్త జిమ్ బోర్డు కనిపించింది. దాని మీద మూడు బొమ్మలు: సన్నపాటి మనిషి, కండలు తిరిగిన మనిషి, బొద్దుగా ఉన్న మనిషి. ఎవరి ఒంటి తీరుకి తగ్గ కసరత్తు, తిండి వాళ్లకుంటాయని కింద రాశారు. మా అన్నయ్య గుర్తొచ్చి అక్కడే నవ్వేశాను.

అప్పట్లో ఉక్కునగరం క్వార్టర్లో అందరం కలిసే ఉండేవాళ్లం. అన్నయ్య మూడు పూటలా కుమ్మినా ఈనెపుల్లలాగే ఉండేవాడు. వదిన విజయనగరం వైపు పల్లెలో ఊడ్పులూ కోతలూ చేసి పెరిగిన మనిషి. వెడల్పాటి భుజాలు, దిట్టమైన పిక్కలు. అన్నయ్య కంటికి అదంతా కొవ్వే. ఎక్కడ విన్నాడో ఏమో, రాగులతో కాచే చోడి అంబలి, చేపల పులుసు మాన్పించి తనతో పాటు ఆవిడకీ పూటపూటా ఓట్సు, కీరముక్కలు పెట్టించాడు. "నాకు సరిపోతున్నది నీకెందుకు సరిపోదు?" అనేవాడు. పుట్టుకతో వచ్చిన మొండితనం, పుడకలతో గానీ పోదు.

అదే సమయంలో మా టౌన్‌షిప్ సెక్టార్ల మధ్య ఆడవాళ్ల తాడులాగుడు పోటీ వచ్చింది. మా జట్టులో తాడు చివర నిలబడాల్సింది వదినే. మొదటి రోజు సాధనలోనే కళ్లు తిరిగి కూలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం ఇంటికొచ్చి నెమ్మదిగా అంది: "ఎంత కడుపు మాడ్సుకున్నా ఎముకలు సన్నబడతాయేటండీ? పోటీ అయ్యేదాకా నా తిండి నన్ను తిననియ్యండి. గెలిస్తే నా ఒంటి ఊసు మరెత్తకండి. ఓడితే సచ్చేదాకా మీ ఓట్సే తింతాను."

అన్నయ్య సరేనన్నాడు. పొద్దున్న అంబలి, మధ్యాహ్నం చేప, రాత్రి అన్నం కొంచెం తక్కువ. సాయంత్రాలు సాధన. పోటీ నాటికి తూకం తగ్గలేదు గానీ, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది.

చివరి ఆటలో మావాళ్లు గీత దాకా జారిపోయారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. వదిన మడమలు నేలలో దిగేసి వెనక్కి వాలింది. తాడు ఆగింది. "లాగండర్రా!" అని ఆవిడ అరిచిన అరుపుకి అవతలి జట్టంతా మా వైపు వచ్చిపడింది. గెలిచాం! నేను గంతులేశాను. నాకంటే గట్టిగా ఈలలు వేసింది మా అన్నయ్యే. ఆ రాత్రి వంజరం చేప కొనుక్కొచ్చి, పక్కన కూర్చుని, "ఇంకో ముక్క వేసుకో" అని తనే వడ్డించాడు. ఒంటి ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఇద్దరికీ జుట్టు నెరిసింది. పొద్దున్నే నడకకి వెళ్తారు, వదిన ముందు, రొప్పుతూ అన్నయ్య వెనక. కాలం ఎవరి ఒంటినైనా మార్చేస్తుందంటారు గానీ, ఇన్నేళ్లలో మా ఇంట్లో మారింది మా చూపే.